మంట చూసిన చక్రాలు వద్దు, అల్లుడూ



నువ్వు పంపిన ఫోటోలు చూశాను. 16 అంగుళాల అల్లాయ్ వీల్స్ నాలుగు, కొత్త సెట్టు ధరలో మూడోవంతుకే వస్తున్నాయన్నావు. నల్లటి రంగుతో నిగనిగలాడుతున్నాయి, కాదనను. "ఇంజన్ దగ్గర కాస్త మంటలొచ్చిన బండివి సార్, చక్రాల దాకా రాలేదు" అని అమ్మేవాడే చెప్పాడని కూడా రాశావు. ఆ మాట చెప్పినందుకు అతన్ని మెచ్చుకోవాలి. చాలామంది అదీ చెప్పరు.

కొనొచ్చా కూడదా అని అడిగావు. కూడదు. కానీ ఇంతటితో ఆపేస్తే నువ్వు వినే రకం కాదని నాకు తెలుసు. కారణం చెప్పందే ఏ మాటా చెవికెక్కని గుణం మీ అమ్మ నుంచి వచ్చింది నీకు. నా ఉద్యోగమంతా హీట్ ట్రీట్‌మెంట్ కొలుముల పక్కనే గడిచింది కాబట్టి ఈ ఒక్క విషయంలో నా మాటకి కాస్త విలువుంటుందని ధైర్యం చేసి వివరంగా రాస్తున్నాను. తీరిగ్గా కూర్చుని చదువు.

మనందరికీ ఇనుము అలవాటు. ఇనుము కాలితే తెలిసిపోతుంది. 300 డిగ్రీల దగ్గర పైన నీలం తిరుగుతుంది, 600 దాటితే చీకట్లో ఎర్రగా కనిపిస్తుంది. కమ్మరి ఆ రంగు చూసే సమ్మెట ఎత్తుతాడు. అల్యూమినియం అలాంటి సాక్ష్యం ఏదీ ఇవ్వదు. కరిగి జారిపోయేదాకా దాని వెండిరంగు దానిదే. నీ చక్రాల్లాంటి పోత అల్యూమినియం 555 డిగ్రీల ప్రాంతంలో కరగడం మొదలుపెడుతుంది. బలం మాత్రం అంతకు చాలా ముందే, 250, 300 డిగ్రీల దగ్గరే జారిపోతుంది. ఈ రెంటికీ మధ్య ఉన్న ఆ రెండు మూడొందల డిగ్రీల మేర లోహం మొహాన ఏ గుర్తూ పడదు. పైన రంగు మాడొచ్చు, మసి పట్టొచ్చు. ఆ రంగు గీకేసి, మసి కడిగేసి, కొత్త రంగు కొట్టారంటే ఇక చూడ్డానికేమీ మిగలదు. మన చిక్కంతా అక్కడే ఉంది.

బలం ఎక్కణ్ణుంచి వస్తుందో తెలిస్తే ఎందుకు పోతుందో నీకే అర్థమవుతుంది. కార్ల అల్లాయ్ వీల్స్ చాలావాటికి ఏ356 అనే మిశ్రమం వాడతారు. అల్యూమినియంలో 7 శాతం దాకా సిలికాన్, అర శాతం కన్నా తక్కువ మెగ్నీషియం. ఆ చిటికెడు మెగ్నీషియమే అసలు పనిమంతురాలు. పోతపోసిన చక్రాన్ని 540 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు కొలిమిలో ఉంచుతారు. మెగ్నీషియం పూర్తిగా లోహంలో కలిసిపోతుంది. వెంటనే తీసి నీళ్లలో ముంచుతారు. కలిసింది విడిపోవడానికి వ్యవధి ఉండదు. ఆ తర్వాత 150 నుంచి 170 డిగ్రీల మధ్య మరికొన్ని గంటలు నిదానంగా కాస్తారు. అప్పుడు మెగ్నీషియం, సిలికాన్ జతకట్టి, మామూలు మైక్రోస్కోపుకి కూడా దొరకనంత సన్నటి రేణువులుగా లోహమంతటా పరుచుకుంటాయి. లోహం వంగబోతే అడ్డుపడేవి ఈ రేణువులే. టీ6 అని కంపెనీలు గొప్పగా రాసుకునేది ఈ మూడు మెట్ల పనినే.

ఈ విద్యకి మూలపురుషుడు ఆల్ఫ్రెడ్ విల్మ్ అనే జర్మన్. 20వ శతాబ్దం మొదటి పదేళ్లలో, రాగి కలిపిన అల్యూమినియాన్ని వేడిచేసి నీళ్లలో ముంచి పక్కన పెడితే, కొన్ని రోజుల్లో అది దానంతటదే గట్టిపడటం గమనించాడు. అందులోంచి డ్యురాల్యూమిన్ వచ్చింది, దాంతో జెప్పెలిన్లు ఎగిరాయి. ఎందుకు గట్టిపడుతోందో మాత్రం ఆయనకి అప్పుడు అంతుపట్టలేదు. రేణువుల సంగతి తర్వాతివాళ్లు తేల్చారు. నాకిష్టమైన కథ కాబట్టి చెప్పాను, నీ చక్రాలకి దీంతో పనిలేదు.

ఇప్పుడు ఆ టీ6 చక్రానికి మళ్లీ 300 డిగ్రీలు తగిలాయనుకో. సన్న రేణువులు ఒకదాన్నొకటి మింగి లావెక్కుతాయి, మజ్జిగపులుసులో శనగపిండి ఉండకట్టినట్టు. వేసిన పిండి అంతా అందులోనే ఉంటుంది, పులుసు మాత్రం నీళ్లగా తేలిపోతుంది. లోహంలోనూ అంతే. మెగ్నీషియం ఎక్కడికీ పోలేదు, బలమే పోయింది. ఫోర్జ్‌డ్ చక్రాలకు వాడే 6061 అనే మిశ్రమం లెక్క ఇంజనీరింగ్ పుస్తకాల్లో దొరుకుతుంది, చూడు. టీ6లో ఉన్నప్పుడు 276 మెగాపాస్కల్స్ ఒత్తిడి దాకా అది వంగి ఉండిపోదు. పూర్తిగా మెత్తబడ్డాక ఆ హద్దు 55. అయిదింట నాలుగు వంతులు పోయినట్టు. అంత అధమస్థితికి దిగకపోయినా, సగం పోయిన చక్రం మీద మాత్రం నువ్వు పిల్లల్ని కూర్చోబెడతావా?

ఎంత వేడి అన్నది ఒక్కటే చాలదు, ఎంతసేపు అన్నదీ చూడాలి. 200 డిగ్రీల దగ్గర పదినిమిషాలుంటే పెద్దగా ఏమీ కాదు. 300 దగ్గర అదే పదినిమిషాలు చెప్పుకోదగ్గ నష్టం చేస్తాయి. ఇక కారు తగలబడితే మంట 800 డిగ్రీలు సులువుగా దాటుతుంది. పూర్తిగా కాలిన కారు కింద అల్లాయ్ వీల్స్ కరిగి నేలమీద గడ్డకట్టిన ఫోటోలు నువ్వూ చూసే ఉంటావు. వాటితో మనకి భయం లేదు. వాటిని ఎవరూ కొనరు. సంతకొచ్చేవి ఆ మంటకి నాలుగడుగుల దూరంలో, కరగకుండా మిగిలినవి. ముందు భాగం కాలిన బండికి వెనక చక్రాలు, తగలబడ్డ బండి పక్కన పార్కింగులో నిలిపిన ఇంకో బండి చక్రాలు. అవి ఎంత వేడి తాగాయో వాటికే తెలియాలి. "చక్రాల దాకా రాలేదు" అన్నప్పుడు అమ్మేవాడు మంట గురించి చెబుతున్నాడు. లోహాన్ని మెత్తబరిచేది వేడి. దానికి మంట వచ్చి తాకాల్సిన పని లేదు.

చక్రం మెత్తబడితే రోడ్డు మీద ఏమవుతుందో కూడా చెబుతాను. గుంతలో పడితే రిమ్ము అంచు వంగుతుంది. మంచి చక్రమూ వంగుతుంది, కానీ ఇది చిన్న గుంతకే వంగుతుంది. ట్యూబ్‌లెస్ టైరు కాబట్టి అంచు వంగిన చోట గాలి ఒక్కసారిగా పోవచ్చు. ఇది కనీసం కనిపించే నష్టం. నాకు ఎక్కువ భయం బోల్టుల దగ్గర. నీ కారు చక్రం నట్లు 100 నుంచి 120 న్యూటన్ మీటర్ల దాకా బిగిస్తారు. ఆ బిగింపుకి ఒక్కో బోల్టు సుమారు నాలుగు టన్నుల బలంతో చక్రాన్ని హబ్బుకేసి అదిమిపెడుతుంది. నట్టు కూర్చునే ఏటవాలు గుంట మెత్తబడిన అల్యూమినియంది అయితే, ఆ బలానికి కొద్దికొద్దిగా నలిగి లోపలికి దిగుతుంది. బిగువు సడలుతుంది. మళ్లీ బిగిస్తావు, మళ్లీ దిగుతుంది. ఒకరోజు హైవే మీద స్టీరింగు గడగడలాడుతుంది. ఇవికాక, ఊచల మొదట్లో చక్రం తిరిగిన ప్రతిసారీ వంగి లేస్తూ ఉండే చోట పగుళ్లు తొందరగా పుడతాయి. కొత్త రకం చక్రాన్ని అమ్మకానికి పెట్టే ముందు దాని నమూనాలకి వంపు పరీక్ష, భార పరీక్ష, దెబ్బ పరీక్ష అని మూడు పెడతారు. నీ ఫోటోలోని చక్రాల నమూనాలు ఎప్పుడో అవన్నీ గెలిచే ఉంటాయి. కానీ ఆ గెలుపు కొలిమిలోంచి వచ్చిన నాటి లోహానిది. మంట చూశాక ఆ పరీక్షలకి అర్థం లేదు.

ఇంత చెప్పానని వేడి అంటేనే హడలిపోకు. మొన్న తిరుమల ఘాట్ దిగాక నీ చక్రాల దగ్గర మాడు వాసన వచ్చిందని కంగారుపడి ఫోన్ చేశావు చూడు, అది బ్రేక్ ప్యాడ్ల వాసన. డిస్కు మూడు నాలుగొందల డిగ్రీలకి వెళ్లినా చక్రం దాకా చేరేసరికి చాలావరకు గాలికి పోతుంది. రెండో గేరులో దిగితే ఆ వాసనా రాదు. ఎన్నిసార్లు చెప్పినా న్యూట్రల్‌లో దిగే జనాన్ని చూస్తుంటే నాకు ఒళ్లు మండుతుంది, అది వేరే సంగతి. క్యాలిపర్ పట్టేసి, అలాగే మైళ్ల తరబడి నడిపి, చక్రం మధ్య ప్లాస్టిక్ మూత కరిగి, రంగు పొంగిపోయిందనుకో, అప్పుడు మాత్రం ఆ చక్రాన్ని మార్చాల్సిందే. లారీలకు అల్యూమినియం చక్రాలు చేసే కంపెనీలు తమ సర్వీసు పుస్తకాల్లో ఈ మాట మొహమాటం లేకుండా రాస్తాయి. అతిగా వేడెక్కిన చక్రం చూడ్డానికి బాగున్నా, శుభ్రం చేశాక కొత్తదానిలా కనిపించినా, తీసి పక్కన పడేయమంటాయి. తాము తయారుచేసిన సరుకు గురించి తామే అలా రాశారంటే ఆలోచించు.

పౌడర్ కోటింగ్ గురించి కూడా అడిగావు. అది 180, 200 డిగ్రీల దగ్గర పది ఇరవై నిమిషాల పని. సరైన ఓవెన్, సరైన మీటరు ఉన్నచోట ఒకసారి చేయిస్తే నాకు అభ్యంతరం లేదు. ప్రమాదం దానికి ముందు మెట్టులో ఉంది. పాత రంగు తీయడానికి కొందరు రసాయనంలో ముంచుతారు, కొందరు ఇసుకతో కొడతారు. ఆ రెండూ పర్వాలేదు. ఇంకొందరు పని తొందరగా అవుతుందని రంగుని కాల్చేసే ఓవెన్‌లో పెడతారు. ఇనప గేట్లకీ ఛాసిస్ ముక్కలకీ వాడే ఆ ఓవెన్‌లో వేడి 350, 400 డిగ్రీలుంటుంది. ఏ మంటా చూడని నిక్షేపమైన చక్రం అక్కడికెళ్లి కాలిపోయిన చక్రంతో సమానమై తిరిగొస్తుంది, పైగా కొత్త రంగుతో.

గ్యాస్ టార్చితో బెండు తీయడం కూడా అంతే. గుంతలో పడి అంచు వంగిన చక్రాన్ని ప్రెస్సులో పెట్టి, వంగిన చోట టార్చి చూపించి, మెల్లగా సరిచేస్తారు. చల్లగా నొక్కితే పగులుతుందని వాళ్ల భయం, అదీ నిజమే. కానీ ఎంత వేడి చేస్తున్నారో వాళ్లకి ఎలా తెలుస్తుంది? అల్యూమినియం ఎర్రబడదని చెప్పాను కదా. రేకు పనివాళ్లకి పాత కిటుకు ఒకటుంది. లోహం మీద సబ్బుతో గీత గీసి టార్చి పెడతారు. గీత నల్లబడిందంటే చాలు, లోహం చేతికి లొంగుతుంది. అద్భుతమైన కిటుకే. కాకపోతే ఆ గీత నల్లబడటం అంటేనే లోహం మెత్తబడే వేడి చేరిందని. వంటపాత్రకి సొట్ట తీయడానికి అది వరం, టీ6 చక్రానికి అది మరణవార్త. అంచు మీద చిన్న వంపుని తక్కువ వేడితో, వేడి కొలిచే సాధనం పట్టుకుని సరిచేసే షాపులు లేకపోలేదు. ఊచ మీద, బోల్టుల చుట్టూ టార్చి చూపించిన చక్రాన్ని మాత్రం ముట్టుకోకు. ఆర్గాన్ వెల్డింగ్ పడిన ఊచ సంగతి చెప్పనే అక్కర్లేదు.

"మరి మావయ్యా, చూసి కనిపెట్టే మార్గమే లేదా" అంటావు. చక్రాన్ని చూసి లాభం లేదు, చక్రానికి అంటుకుని ఉన్నవాటిని చూడు. అవి తక్కువ వేడికే లొంగిపోతాయి కాబట్టి అవే మనకి సాక్షులు. మధ్య మూత ప్లాస్టిక్‌ది, 100 డిగ్రీలు దాటితే మెత్తబడి ఆకారం చెడుతుంది. నాలుగు చక్రాలకీ మూతలు కొత్తవైతే పాతవి ఏమయ్యాయని అడుగు. గాలి కొట్టే వాల్వు రబ్బరుది, వేడికి గట్టిపడి చిట్లుతుంది. బ్యాలెన్సింగ్‌కి లోపల అంటించిన ముక్కల కింది టేపు గోధుమరంగు తిరిగి పెళుసెక్కుతుంది. ఆ ముక్క సీసంది అయితే 327 డిగ్రీలకి కరుగుతుంది. కరిగి కారిన మచ్చ కనిపిస్తే ఇక మాట్లాడాల్సిన పని లేదు, నమస్కారం పెట్టి వచ్చేయ్. పైనున్న పారదర్శకమైన ల్యాకరు పసుపు, ఆపైన గోధుమరంగు తిరుగుతుంది, పొక్కులు లేస్తుంది.

రంగు కొట్టేవాడు ముందువైపే శ్రద్ధపెడతాడు. అందుకే నువ్వు చక్రం వెనక్కి తిప్పి చూడాలి. ఊచల వెనక పల్లాల్లో, బోల్టు రంధ్రాల లోపల, వాల్వు రంధ్రం అంచున మసి ఆనవాళ్లుంటాయి. కంపెనీ అంటించిన బార్‌కోడ్ స్టిక్కరు, తనిఖీలో పెట్టిన రంగు చుక్కలు అలాగే ఉన్నాయా, వాటి మీదుగా కొత్త రంగు పోయిందా చూడు. నట్టు కూర్చునే గుంటలో మందంగా రంగు పేరుకుని ఉంటే అది కంపెనీ పని కాదు. అన్నిటికన్నా ముఖ్యం, టైరు విప్పించి లోపలి డ్రమ్ము చూడు. టైరు అంటుకుంటే మొదట వేడెక్కేది అదే. టైరు అంచు ఆనుకునే చోట కాలిన రబ్బరు చారలు గట్టిగా పట్టి ఉంటాయి, సులువుగా పోవు. టైరు విప్పనంటే అతని దగ్గర కొనకు. ఇందులో మొహమాటపడాల్సిందేమీ లేదు. విప్పి ఎక్కించే కూలీ నువ్వే ఇస్తానని చెప్పు.

చక్రాల వెనక పోతలోనే దిగిన తేదీ ముద్రలుంటాయి. నాలుగింటి మీదా దగ్గరదగ్గర తేదీలుండాలి. రెండు ఒక ఏడాదివి, రెండు ఇంకో ఏడాదివి అయితే ఇది సెట్టు కాదు, కూర్చిన సెట్టు. అక్కడే జేడబ్ల్యూఎల్, వీఐఏ అనే జపాను ముద్రలు, మోయగల బరువు, కొలతలు ఉంటాయి. మన దేశంలో చక్రాల రిమ్ములకి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి చేస్తూ కేంద్రం 2020లో ఉత్తర్వు ఇచ్చింది, దాని ప్రమాణం ఐఎస్ 16192. ఈ ముద్రల్లో ఒక్కటీ లేని చక్రం అసలు పరిశీలనకే తగదు. ఉన్నంత మాత్రాన మంట చూడలేదనీ కాదు.

ఇవన్నీ చూశాక ఏ మచ్చా దొరకలేదనుకో. అప్పుడేమిటి? చాలామంది బోల్తాపడేది ఇక్కడే. మచ్చ దొరికితే చక్రం చెడ్డదని తేలుతుంది. దొరక్కపోతే మంచిదని తేలదు, బాగా కడిగారని కూడా కావచ్చు.

అమ్మేవాళ్లు చూపించే పరీక్షలు కొన్నుంటాయి. చక్రాన్ని సుత్తితో కొట్టి "విన్నారా, ఖంగుమంటోంది" అంటారు. ఖంగుమంటుంది మరి. లోహం మోగడం దాని స్థితిస్థాపక గుణాన్ని బట్టి ఉంటుంది. అల్యూమినియం గట్టిగా ఉన్నా మెత్తబడ్డా ఆ గుణం మారదు, సుమారు 70 గిగాపాస్కల్స్ దగ్గరే ఉంటుంది. పగులుంటే మోత బొంగురుపోతుంది, అంతవరకే అది పనికొస్తుంది. బ్యాలెన్సింగ్ మిషన్ మీద వంకర లేకుండా తిరిగిందంటే వంకర లేదనే అర్థం. ఎర్ర రంగు పూసి పగుళ్లు చూసే పరీక్ష పగుళ్లనే చూపిస్తుంది. ఎక్స్‌రే లోపలి బుడగల్ని చూపిస్తుంది. వీటిల్లో ఒక్కటీ మెత్తదనం చూపించదు. నాలుగు రిపోర్టులు చేతిలో పెట్టినా నీ ప్రశ్నకి జవాబు అందులో ఉండదు.

జవాబు ఇచ్చేవి రెండున్నాయి. ఒకటి గట్టిదనం కొలిచే పరీక్ష. మంచి ఏ356 టీ6 చక్రం బ్రినెల్ కొలతలో 75 నుంచి 95 మధ్య ఉంటుంది. 60కి దిగితే ఎక్కడో కాలిందని అర్థం. ఒక్కచోట కొలిస్తే చాలదు. అంచున, డ్రమ్ము లోపల, ఊచ మొదట్లో, బోల్టుల దగ్గర, చక్రానికి ఏడెనిమిది చోట్ల, అదీ రంగు గీకి కొలవాలి. వేడి చక్రమంతా ఒకేలా తగలదు కదా. రెండోది విద్యుత్ వాహకత పరీక్ష. రేణువులు ఉండకట్టిన అల్యూమినియంలో కరెంటు ఇంకాస్త సులువుగా పారుతుంది. విమానాలకి మంట తగిలినప్పుడు ఏ రేకు ఉంచాలో ఏది తీసేయాలో ఈ రెండు పరీక్షలూ కలిపే తేలుస్తారు. గుర్తింపు ఉన్న మెటీరియల్ టెస్టింగ్ ల్యాబ్‌లో గట్టిదనం చూసి రిపోర్టు ఇస్తారు. కానీ నాలుగు చక్రాలు తీసుకెళ్లి, టైర్లు విప్పించి, రంగు గీకించి, ఫీజు కట్టి, మళ్లీ రంగు వేయించి, టైర్లు ఎక్కించేసరికి నువ్వు మిగిల్చాననుకున్న డబ్బులో ఎంత మిగులుతుందో లెక్కేసుకో. కొనకముందు రంగు గీకనిచ్చే అమ్మకందారు ఎవరో కూడా చూడాలి.

"పోయిన బలం మళ్లీ తెప్పించలేమా, నువ్వు హీట్ ట్రీట్‌మెంట్ వాడివే కదా" అని నీ బుర్రలో వచ్చే ఉంటుంది. పుస్తకంలో అయితే తెప్పించొచ్చు. మళ్లీ 540 డిగ్రీలు, మళ్లీ నీళ్లు, మళ్లీ 160. చేతల్లో కుదరదు. కంపెనీలో ఆ పని పోత ముక్క మీద చేసి, తర్వాత లేత్ మీద కొలతకి తెస్తారు. అప్పటికే కొలతకి చెక్కిన చక్రాన్ని అంత వేడిచేసి నీళ్లలో ముంచితే వంకర తిరుగుతుంది. లోపలి గాలిబుడగలు ఉబ్బి పైన పొక్కులు లేస్తాయి. ఆ వంకర తీయడానికి మళ్లీ చెక్కితే మందం తగ్గుతుంది. చేస్తామని ఎవరైనా అంటే వాళ్లకి ఆ పని తెలియదనుకో.

ఇనప రిమ్ముల మాట వేరు. మామూలు స్టీలు రిమ్ముకి ఇలాంటి సున్నితమైన రేణువుల బలం ఉండదు, 300, 400 డిగ్రీలకి అంతగా చలించదు. అయినా మంటలో వంకరపోయిందో, అతుకు దగ్గర ఏమైందో తెలియని పాత రిమ్ము ఎందుకు? కొత్తది అల్లాయ్‌తో పోలిస్తే చవకే. నీకు డబ్బు బిగువుగా ఉంటే నా సలహా ఇదే. కొత్త స్టీలు రిమ్ములు నాలుగు వేసుకుని వీల్ క్యాప్‌లు పెట్టుకో. టాక్సీవాళ్లు లక్షల కిలోమీటర్లు వాటి మీదే తిరుగుతున్నారు. అల్లాయే కావాలని మనసు లాగితే అందుకూ దారుంది. కొత్త కారు తీసిన వారంలోనే కంపెనీ చక్రాలు పీకి పెద్దవి వేయించుకునేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. ఆ తీసేసిన చక్రాలు టైరు షాపుల్లో పడి ఉంటాయి, వాటికి బండి నంబరూ ఉంటుంది, బిల్లూ ఉంటుంది. మీ విజయవాడ ఆటోనగర్‌లో వెతికితే దొరకని వస్తువుండదంటారు, ఇవి దొరక్కపోవు. బోల్టుల మధ్య కొలత, ఆఫ్‌సెట్, హబ్బు రంధ్రం నీ బండివేనా అని మాత్రం చూసుకో.

ఎవరి దగ్గర కొన్నా ఒక మాట అడుగు: ఈ చక్రాలు ఏ బండివి, ఆ బండి ఎందుకు విప్పారు? యాక్సిడెంటా, వరదా, పాతదైపోయా, మంటా? పాత చక్రం కొనడమంటే దాని చరిత్ర కొనడమే. నంబరు చెప్పి, కారణం చెప్పి, కాగితం చూపిస్తే బేరమాడు. "ఎక్కడివో గుర్తులేదు సార్, సరుకు చూసుకోండి" అంటే సరుకు చూడకు. వాళ్లు మోసగాళ్లని కాదు, పదిచోట్ల నుంచి తెచ్చిన సరుకు చరిత్ర వాళ్లకీ తెలియదు. నీ చక్రాల విషయంలో ఆ చరిత్రే మనకి తెలిసింది. మంట ఉందని అతనే చెప్పాడు. ఎంత దూరంలో, ఎంతసేపు అన్నది ఎవరూ చెప్పలేరు. అంత స్పష్టంగా తెలిశాక కూడా రంగు చూసి మనసుపడితే ఇక మామయ్యని అడగడం ఎందుకు?

స్పేర్‌గా డిక్కీలో ఉంచుకుంటాను, అవసరమైతేనే వాడతాను అనే బేరం కూడా పెట్టకు. స్పేరు వేసేది అర్ధరాత్రి, దారి మధ్యలో, పిల్లలు వెనకసీట్లో నిద్రపోతున్నప్పుడే.

అతనికి ఫోన్ చేసి మర్యాదగా వద్దని చెప్పు. నిజం చెప్పిన మనిషి కాబట్టి నువ్వూ కారణం చెప్పు, వాటిని కిలోల లెక్కన తుక్కుకి ఇచ్చేయమను. అల్యూమినియం తుక్కుకి మంచి ధరే పలుకుతుంది, కరిగించి పోసేవాడికి అవి ఎక్కడ కాలితే ఏమిటి. అడ్వాన్సు ఇచ్చేశావేమో రాయలేదు. ఇచ్చి ఉంటే, తిరిగి ఇస్తే తీసుకో, ఇవ్వకపోతే వదిలేయ్. ఆ డబ్బు కోసం ఆ చక్రాలు ఇంటికి తెచ్చుకోవద్దు.